హిల్ అసిస్ట్ ఉన్నా మాన్యువల్ కారు వెనక్కి ఎందుకు జారుతుంది?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పేస్తాను, తర్వాత చదివేవాళ్లకూ ఉపయోగపడుతుంది. కొత్తగా మాన్యువల్ కారు తీసుకున్నారు, అందులో హిల్ అసిస్ట్ ఉంది, అంటే ఎత్తు మీద బ్రేక్ వదిలాక కూడా కారు జారకుండా కాసేపు పట్టుకునే ఏర్పాటు. పార్కింగ్ ర్యాంప్ మీదో, ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్‌లోనో ఆగి, మళ్లీ కదిలేటప్పుడు బ్రేక్ మీంచి కాలు తీస్తే కారు కాసేపు నిలబడుతోంది, ఆ తర్వాత ఉన్నట్టుండి వెనక్కి జారుతోంది. కంగారుపడి క్లచ్ గబుక్కున వదిలితే ఇంజిన్ ఆఫ్ అవుతోంది. సర్వీసువాళ్లు చూసి అంతా బాగానే ఉందన్నారు. డ్రైవింగ్ నేర్పినాయన మాత్రం ఆ ఫీచర్‌ను నమ్ముకోవద్దు, హ్యాండ్ బ్రేక్ వాడమంటున్నారు. ఎవరి మాట వినాలి, హిల్ అసిస్ట్ వల్ల క్లచ్, బ్రేకులు త్వరగా అరుగుతాయా, దాన్ని ఆపేయొచ్చా అని అడిగారు.

బ్రేకులు, క్లచ్‌ల పని చాలా కాలంగా చేస్తున్నాను, పక్క సీట్లో కూర్చుని డ్రైవింగ్ నేర్పడం కూడా అలవాటే. మీరు రాసినదాన్ని బట్టి కారులో లోపమేమీ కనిపించడం లేదు. కాసేపు పట్టుకుని వదిలేయడమే హిల్ అసిస్ట్ పని. చాలా కార్లలో ఆ కాసేపు సుమారు 2 సెకన్లు, కొన్నిటిలో 3 దాకా ఉంటుంది. ఆ గడువు అయ్యాక మీరు సిద్ధంగా ఉన్నారా లేదా అన్నది అది చూడదు. కాబట్టి మీ సమస్య ఆ రెండు సెకన్లలో ఎడమ కాలు ఏం చేస్తోందన్న దగ్గరే ఉంది.

మాన్యువల్ కారులో పెడళ్లు మూడు, కాళ్లు రెండు. ఎడమ కాలు క్లచ్ మీద ఉంటుంది, దాన్ని కదల్చడానికి లేదు. బ్రేకూ యాక్సిలరేటరూ రెండూ కుడి కాలే చూసుకోవాలి. ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి మారడానికి అర సెకను నుంచి సెకను పడుతుంది. ఆ సందులో కారును పట్టుకునేవాళ్లెవరూ ఉండరు. హిల్ అసిస్ట్ పుట్టింది ఆ సందు కోసమే.

ఆ సందు ఎంత ప్రమాదమో లెక్క వేస్తే తెలుస్తుంది. మనుషులతో కలిపి 1500 కిలోల కారు, 10 శాతం వాలు అనుకుందాం. 10 శాతం అంటే 10 మీటర్లు ముందుకు వెళ్తే ఒక మీటరు ఎత్తు పెరగడం, డిగ్రీల్లో 6 కన్నా కాస్త తక్కువ. చూపుకి పెద్ద ఎత్తులా కనపడదు. కానీ ఆ వాలు మీద కారును వెనక్కి లాగే బలం దాదాపు 150 కిలోల బరువుతో సమానం. ఏమీ పట్టుకోకపోతే మొదటి సెకనులో అది దాదాపు అర మీటరు వెనక్కి వస్తుంది. రెండో సెకను పూర్తయ్యేసరికి మీటరున్నర దాటిపోతుంది. సమయం రెట్టింపయితే దూరం నాలుగింతలవుతుంది కదా, అక్కడే చాలామంది అంచనా తప్పుతుంది. ట్రాఫిక్‌లో వెనక బండి మీటరు దూరంలో ఉంటే, ఒక సెకను ఆలస్యాన్ని అది భరిస్తుంది, రెండు సెకన్లను భరించదు. వాలు 20 శాతం ఉంటే మొదటి సెకనులోనే మీటరుకు దగ్గరగా జారుతుంది.

ఇప్పుడు లోపల జరిగేది చూద్దాం. ఇది తెలిస్తే మీ అనుమానాలు సగం వాటంతటవే తీరిపోతాయి.

హిల్ అసిస్ట్‌కు ప్రత్యేకంగా బ్రేకులంటూ ఏమీ ఉండవు. మలుపులో కారు అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌సీ వ్యవస్థనే అది వాడుకుంటుంది. మీరు బ్రేక్ నొక్కినప్పుడు, పెడల్ నెట్టే మాస్టర్ సిలిండర్ నుంచి బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో చక్రాల దగ్గరికి వెళ్తుంది. ఆ దారిలో ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), ఈఎస్‌సీ రెండిటికీ కలిపి ఒక బ్లాకు ఉంటుంది, దాని నిండా కరెంటుతో పనిచేసే చిన్న చిన్న వాల్వులు. కారు వాలు మీద పూర్తిగా ఆగిందని, బ్రేక్ నొక్కి ఉందని కంప్యూటర్‌కు తెలియగానే అది సిద్ధమవుతుంది. మీరు పెడల్ వదిలే క్షణంలో ఆ వాల్వులను మూసేస్తుంది. పెడల్ పైకి వచ్చేస్తుంది కానీ చక్రాల దగ్గరి ఒత్తిడి అక్కడే బందీ అయిపోతుంది. వాలును చెప్పేది ముందూ వెనకల వంపును కొలిచే ఒక యాక్సిలరేషన్ సెన్సర్. కారు ఆగిందని చెప్పేవి చక్రాల దగ్గరి స్పీడ్ సెన్సర్లు. క్లచ్ పెడల్ దగ్గర ఒక స్విచ్, రివర్స్ గేర్ దగ్గర ఒక స్విచ్, ఇంజిన్ ఎంత టార్క్ (తిప్పే బలం) ఇస్తోందన్న సమాచారం, ఇవన్నీ దానికి అందుతూ ఉంటాయి.

ఇందులో డ్రైవర్‌కు పనికొచ్చే రహస్యం ఒకటుంది. మామూలు హిల్ అసిస్ట్ బందీ చేసేది మీరు నొక్కిన ఒత్తిడినే. మీరు బ్రేక్‌ను మునివేళ్లతో ముట్టుకున్నట్టు నొక్కి కారును ఆపి ఉంచితే, ఆ కొద్దిపాటి ఒత్తిడే లోపల మిగులుతుంది. అది చాలక కారు నెమ్మదిగా పాకినట్టు వెనక్కి రావచ్చు. చాలామంది "ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి చేయదు" అనడానికి ఇదే కారణమని నా నమ్మకం. వాలు మీద ఆగాక, కదిలే ముందు బ్రేక్ పెడల్‌ను ఇంకాస్త గట్టిగా ఒక నొక్కు నొక్కండి. కారు నిండా మనుషులు, సామాను ఉంటే ఇది మరీ ముఖ్యం. సెన్సర్‌కు వాలు తెలుస్తుంది కానీ డిక్కీలో ఎంత బరువుందో తెలియదు. వెనక ట్రైలర్ తగిలించినప్పుడూ ఇదే సంగతి.

మరి రెండు సెకన్లకే ఎందుకు వదిలేస్తుంది, నిమిషం పట్టుకోవచ్చు కదా అని అడుగుతారు. రెండు కారణాలున్నాయి. ఆ వాల్వులను మూసి ఉంచాలంటే వాటి కాయిల్ గుండా కరెంటు వెళ్తూనే ఉండాలి, అలా ఎక్కువసేపు ఉంచితే వేడెక్కుతాయి. రెండోది ఇంకా పెద్ద కారణం. కారు కదలకుండా ఉంటే డ్రైవర్ అది స్థిరంగా నిలబడిపోయిందనుకుంటాడు, డోర్ తీసుకుని దిగిపోతాడు. ఆయిల్ ఒత్తిడితో నిలబెట్టిన కారు హ్యాండ్ బ్రేక్ వేసిన కారుతో సమానం కాదు. అందుకే గడువు చిన్నదిగా పెట్టారు, డ్రైవర్ డోర్ తెరిచి ఉంటే చాలా కార్లలో అసలు పనిచేయదు.

గడువు లోపలే హిల్ అసిస్ట్ బ్రేకును వదిలే దారి ఇంకోటి ఉంది, నిజానికి సరిగ్గా కదిలినప్పుడు జరిగేది అదే. మీరు క్లచ్ వదులుతూ రేజ్ ఇస్తుంటే ఇంజిన్ టార్క్ చక్రాలకు చేరడం మొదలవుతుంది. ఈ వాలును ఎదిరించడానికి అది చాలుతుందని కంప్యూటర్‌కు అనిపించగానే వాల్వులు మెల్లగా తెరుచుకుంటాయి, కారు ముందుకు సాగుతుంది. అలవాటైనవాళ్లకు హిల్ అసిస్ట్ ఉందన్న సంగతి కూడా గుర్తుండదు. మీకు గుర్తుంటోందంటే, గడువు అయిపోయేదాకా క్లచ్ పట్టుకునే చోటికి, అంటే ఇంజిన్ బలం చక్రాలకు అందడం మొదలయ్యే చోటికి, రావడం లేదన్నమాట.

ఆ చోటు దగ్గర ఎంత పని జరగాలో చూడండి. పైన చెప్పిన 10 శాతం వాలు మీద అదే కారును నిలబెట్టడానికి చక్రాల దగ్గర దాదాపు 440 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి. చిన్న కార్లలో ఫస్ట్ గేర్, దాని తర్వాత చక్రాలకు ముందుండే చివరి గేర్ జత (ఫైనల్ డ్రైవ్) కలిపి ఇంజిన్ టార్క్‌ను 14, 15 రెట్లు పెంచుతాయి. అంటే క్లచ్ గుండా వెళ్లాల్సింది 30 న్యూటన్ మీటర్లు మాత్రమే. ఇది చాలా తక్కువ. నేటి ఇంజిన్లు క్లచ్ పట్టుకోగానే ఐడిలింగ్‌ను (రేజ్ ఇవ్వనప్పుడు తిరిగే వేగాన్ని) కాస్త పెంచుకుని అంత టార్క్‌ను తామే ఇచ్చుకోగలవు, డీజిల్ అయితే ఇంకా సులువు. 20 శాతం వాలుకు 60 కావాలి. అక్కడ పెట్రోల్ బండికి రేజ్ ఇవ్వకపోతే ఆఫ్ అవుతుంది. మామూలు ఫ్లైఓవర్ మీద బాగానే వచ్చే అలవాటు బేస్‌మెంట్ ర్యాంప్ మీద దెబ్బ తినడానికి కారణం ఈ తేడాయే.

ఇక చేయాల్సిన పని. నేను నేర్పే వరుస ఇది. హిల్ అసిస్ట్‌ను "బ్రేక్ వదిలాక ఆలోచించుకోవడానికి దొరికే సమయం"గా వాడొద్దు. బ్రేక్ మీద కాలు ఉండగానే క్లచ్ పని సగం పూర్తి చేసేయండి.

కారు ఆగి ఉంది, బ్రేక్ గట్టిగా నొక్కి ఉంది, క్లచ్ పూర్తిగా నొక్కి ఫస్ట్ గేర్ వేశారు. ముందు బండి కదలబోతోందని కనిపించాక క్లచ్‌ను మెల్లగా పైకి రానివ్వండి. ఒక చోట ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, ఆర్‌పీఎం ముల్లు కొద్దిగా దిగుతుంది, స్టీరింగ్‌లో సన్నని వణుకు తెలుస్తుంది. అక్కడ మడమను నేలకు ఆనించి పాదాన్ని ఆపేయండి. ఇప్పుడు కుడి కాలును బ్రేక్ మీంచి తీసి యాక్సిలరేటర్ మీద పెట్టండి. ఈ మారే సమయాన్ని హిల్ అసిస్ట్ చూసుకుంటుంది. కొంచెం రేజ్ ఇచ్చి, క్లచ్‌ను ఇంకో వెంట్రుకవాసి వదలండి. కారు కదులుతుంది. కదిలాక కూడా క్లచ్‌ను ఒక్కసారిగా వదిలేయకుండా, నాలుగైదు మీటర్లు సాగేదాకా నిదానంగా పూర్తి చేయండి. ఈ పద్ధతిలో మీకు రెండు సెకన్లు అవసరం పడవు, సెకను చాలు.

మీరు ఇప్పుడు చేస్తున్నది దీనికి తలకిందుల వరుస అనుకుంటున్నాను. క్లచ్ పూర్తిగా నొక్కిపెట్టి, బ్రేక్ వదిలి, కారు నిలబడిందని నిర్ధారించుకుని, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టి, అప్పుడు క్లచ్ పట్టుకునే చోటును వెతుకుతున్నారు. అది దొరికేలోపే గడువు అయిపోతుంది. కారు జారగానే భయంతో ఎడమ కాలు ఎగిరిపడుతుంది, ఇంజిన్ ఆఫ్. మీరు రాసిన లక్షణాలు రెండూ దీనికి సరిగ్గా సరిపోతున్నాయి.

హ్యాండ్ బ్రేక్‌తో నేర్చుకున్నవాళ్లకు ఇక్కడ ఇంకో చిక్కు ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. ఎక్కువ కార్లలో హ్యాండ్ బ్రేక్ వెనక చక్రాలనే పట్టుకుంటుంది, ఇంజిన్ ముందు చక్రాలను తిప్పుతుంది. క్లచ్ పట్టుకోగానే ముందు చక్రాలు లాగుతాయి, వెనక చక్రాలు ఆపుతాయి, కాబట్టి బానెట్ కాస్త పైకి లేచినట్టు స్పష్టంగా కనిపిస్తుంది. "ముక్కు లేచింది, ఇక హ్యాండ్ బ్రేక్ దించు" అని నేర్పేది అందుకే. ఫుట్ బ్రేక్ గానీ హిల్ అసిస్ట్ గానీ నాలుగు చక్రాలనూ పట్టుకుంటాయి. ఇంజిన్ తిప్పాలనుకునే ముందు చక్రాన్నే బ్రేక్ కూడా పట్టుకుని ఉంటుంది కాబట్టి ఆ ముక్కు లేవడం సరిగా కనపడదు. ఆ గుర్తు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే రెండు సెకన్లు గడిచిపోతాయి. హిల్ అసిస్ట్‌తో కదిలేటప్పుడు కంటి కన్నా చెవిని నమ్మండి, ఇంజిన్ శబ్దం మారడమే అసలు గుర్తు.

దీన్ని సమతలంగా ఉన్న ఖాళీ చోట సాధన చేయండి. యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, క్లచ్ ఒక్కదానితోనే కారును నత్తనడకన కదిలించడం, మళ్లీ ఆపడం. డీజిల్‌లో ఇది వెంటనే వస్తుంది, చిన్న పెట్రోల్ ఇంజిన్‌తో ఓపిక కావాలి. క్లచ్ పట్టుకునే చోటు పాదానికి కంఠతా వచ్చాకే ర్యాంప్‌కు వెళ్లండి. బూట్లు మారితే ఆ చోటు మారినట్టు అనిపిస్తుంది, కొన్నాళ్లు ఒకే జత వేసుకోవడం మంచిది. ఇది చిన్న విషయమే కానీ నేర్చుకునే రోజుల్లో తేడా తెలుస్తుంది.

మీకు నేర్పినాయన మాటలో సగం నాకు పూర్తిగా నచ్చింది. హ్యాండ్ బ్రేక్‌తో కదలడం రావాల్సిందే. వాలు బాగా నిటారుగా ఉంటే, ముందు బండి ఎప్పుడు కదులుతుందో తెలియకపోతే, వెనకవాళ్లు బంపర్‌కు అతుక్కుని ఉంటే, నేను కూడా హ్యాండ్ బ్రేకే వేస్తాను. దానికి గడువు లేదు. దాన్ని దించేదాకా అది పట్టుకునే ఉంటుంది. ఎంత కావాలంటే అంతే వదలొచ్చు, చేతికి తెలుస్తుంది. హిల్ అసిస్ట్ లేని కారు నడపాల్సి వచ్చినా, ఉన్నది ఒకరోజు పనిచేయకపోయినా చేతిలో విద్య ఉంటుంది. కానీ ఫ్లైఓవర్ మీద ఆగుతూ కదులుతూ పోయే ట్రాఫిక్‌లో ప్రతిసారీ లీవర్ లాగుతూ కూర్చోనవసరం లేదు. అక్కడ హిల్ అసిస్ట్‌ను వద్దనడం పంతమే.

ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేక్ ఉన్న మాన్యువల్ కార్ల సంగతి కాస్త వేరు. వాటిలో సాధారణంగా సీటు బెల్టు పెట్టుకుని, గేర్ వేసి, క్లచ్ వదులుతూ రేజ్ ఇస్తే బ్రేక్ దానంతటదే విడిపోతుంది. బటన్ నొక్కి దించితే మాత్రం ఒక్కసారిగా పూర్తిగా విడిపోతుంది, లీవర్‌లా కొంచెం కొంచెంగా వదలడం కుదరదు. అలాంటి కార్లలో కొన్నిటికి ఆటో హోల్డ్ కూడా ఉంటుంది. దాన్ని హిల్ అసిస్ట్‌తో కలిపేసి మాట్లాడుతుంటారు, రెండూ ఒకటి కాదు. ఆటో హోల్డ్‌కు బటన్ ఉంటుంది, సమతలం మీద కూడా పట్టుకుంటుంది, మీరు కదిలేదాకా వదలదు, ఎక్కువసేపు ఆగితే పనిని ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేక్‌కు అప్పగిస్తుంది. "మా స్నేహితుడి కారులో నిమిషాలు నిలబడుతుంది, నా కారులో రెండు సెకన్లేనా" అని అడిగేవాళ్ల విషయంలో కారణం ఎక్కువగా ఇదే.

క్లచ్ అరుగుదల గురించి. హిల్ అసిస్ట్ క్లచ్‌ను పాడుచేయదు. పాడుచేసేది హాఫ్ క్లచ్ మీద కారును వాలుపై నిలబెట్టడం. బ్రేక్ వేయకుండా, క్లచ్, రేజ్ తోనే కారును ముందుకూ వెనక్కూ పోనివ్వకుండా ఆపి, అదేదో నేర్పులా చూపిస్తుంటారు కొందరు. పై లెక్క ప్రకారమే 10 శాతం వాలు, 1500 ఆర్‌పీఎం అనుకోండి. 30 న్యూటన్ మీటర్ల టార్క్‌తో క్లచ్ ప్లేట్ జారుతూ ఉంటే దాని దగ్గర పుట్టే వేడి సుమారు 4.7 కిలోవాట్లు. నాలుగైదు ఇస్త్రీ పెట్టెలు ఒకేసారి ఆన్ చేసి క్లచ్ హౌసింగ్‌లో పెట్టినట్టు. అలా 10 సెకన్లు నిలబెడితే, సమతలం మీద మామూలుగా ఆరుసార్లు కదిలినంత వేడి ఆ ప్లేట్ తింటుంది, అదీ కారు అంగుళం కూడా ముందుకు పోకుండా. సిగ్నల్ పడేదాకా అలాగే నిలబెడితే కాలిన వాసన రావడంలో ఆశ్చర్యం ఏముంది. ఆ వాసన ఒకసారి వచ్చిందంటే బండిని పక్కకు తీసి చల్లారనివ్వండి. పదే పదే వస్తే ప్లేట్ మీద పొర గట్టిపడి నున్నగా అయిపోతుంది, తర్వాత ఎంత రేజ్ ఇచ్చినా జారుతూనే ఉంటుంది.

నేను పైన చెప్పిన పద్ధతిలో కూడా క్లచ్ పట్టుకునే చోట ఆపమన్నాను కదా, అది అరిగించడం కాదా అని అడగొచ్చు. ఒకటి రెండు సెకన్లయితే ఫరవాలేదు, ఐడిలింగ్ మీద కాబట్టి వేడి కూడా తక్కువే. ముందు బండి కదలబోయే ముందు మాత్రమే ఆ చోటికి తేవాలి. ట్రాఫిక్ ఆగిపోయి ఉంటే న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, రెండు కాళ్లూ తీసేయండి.

బ్రేకుల విషయంలో భయమే అక్కర్లేదు. బ్రేక్ ప్యాడ్ అరిగేది తిరుగుతున్న డిస్కును రాసుకున్నప్పుడు. ఆగి ఉన్న చక్రాన్ని పట్టుకోవడంలో అరుగుదల ఏమీ లేదు.

హిల్ అసిస్ట్ పనిచేయాల్సినప్పుడు చేయకపోవడానికి మామూలు కారణాలు కొన్ని చెబుతాను, వీటిలో ఏదీ లోపం కాదు. వాలు మరీ తక్కువైతే అది పనిచేయదు. ఎంత వాలు నుంచి మొదలవుతుందన్నది ఒక్కో కారుకు ఒక్కోలా ఉంటుంది, అందుకే కంటికి సమతలంలా కనిపించే చోట కారు మెల్లగా వెనక్కి దొర్లుతుంది, హిల్ అసిస్ట్ మాత్రం పలకదు. కారు పూర్తిగా ఆగకుండా, ఇంకా పాకుతుండగానే బ్రేక్ వదిలితే రాదు. కొన్ని మోడళ్లలో క్లచ్ నొక్కి, ఎక్కే వైపుకు గేర్ వేసి ఉండాలి, న్యూట్రల్‌లో ఉంటే పట్టుకోదు. కొన్నిటికి ఆ షరతు లేదు. కారుతో వచ్చిన పుస్తకంలో ఈ షరతుల పేజీ ఒకటి ఉంటుంది, దాన్ని చదవడానికి ఐదు నిమిషాలు చాలు. ముక్కు కిందికి ఉండి రివర్స్‌లో పైకి ఎక్కాల్సి వచ్చినప్పుడు కూడా ఇది పనిచేస్తుంది, రివర్స్ గేర్ వేస్తే చాలు. బేస్‌మెంట్ నుంచి వెనక్కి తీసేవాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియదు. రోడ్డు బురదగా, నాచుపట్టి ఉంటే మాత్రం ఎవరూ కాపాడలేరు. బ్రేక్ చక్రాన్ని పట్టుకుంటుంది కానీ, టైరు రోడ్డును పట్టుకోవాలి కదా.

నిజంగా లోపం ఉంటే ఎలా తెలుస్తుంది? డాష్‌బోర్డు మీద ఏబీఎస్ లేదా ఈఎస్‌సీ లైటు వెలిగే ఉంటే హిల్ అసిస్ట్ కూడా పనిచేయడం లేదనే అనుకోండి. లైటు లేకపోయినా అనుమానం ఉంటే, వెనక ఎవరూ లేని ర్యాంప్ మీద ఇలా చూడండి. క్లచ్ పూర్తిగా నొక్కి, ఫస్ట్ గేర్ వేసి, బ్రేక్ గట్టిగా నొక్కి వదలండి, కాలును మాత్రం బ్రేక్ పెడల్ మీదే గాలిలో ఉంచండి. ప్రతిసారీ దాదాపు ఒకే సమయం పట్టుకుని వదిలితే అంతా బాగున్నట్టే. ఒకసారి పట్టుకుని ఇంకోసారి అసలు పట్టుకోకపోతే క్లచ్ స్విచ్‌ను, బ్రేక్ లైట్ స్విచ్‌ను చూడమనండి. క్లచ్ నొక్కితేనే స్టార్ట్ అయ్యే కారు అప్పుడప్పుడూ స్టార్ట్ కావడానికి మొరాయిస్తోందా, క్రూజ్ కంట్రోల్ దానంతటదే పోతోందా అని కూడా గమనించండి, అదే స్విచ్ కారణం కావచ్చు. ఏబీఎస్ బ్లాకు మార్చినా, సెన్సర్ విప్పి బిగించినా, సమతలం మీద నిలబెట్టి వంపు సెన్సర్‌కు మళ్లీ సున్నా చూపించాలి. ఆ పని వదిలేస్తే అది వాలును తప్పుగా చదువుతుంది. సర్వీసువాళ్లకు "హిల్ అసిస్ట్ పనిచేయట్లేదు" అని కాకుండా, ఏ గేర్‌లో, ఎంత వాలు మీద, ఎన్ని సెకన్లు పట్టుకుంది అని చెబితే వాళ్లకూ వెతకడం తేలిక.

కాస్త పక్కదారి. ఇదేదో ఈ తరం ఎలక్ట్రానిక్స్ అనుకుంటారు గానీ, అమెరికాలో స్టూడిబేకర్ కంపెనీ 1936 లోనే హిల్ హోల్డర్ పేరుతో దీన్ని మాన్యువల్ కార్లలో పెట్టింది. బ్రేక్ ఆయిల్ దారిలో ఒక ఉక్కు గోళీ. కారు ఎత్తు మీద ముక్కు పైకి పెట్టి ఆగితే ఆ గోళీ తన బరువుకు తానే వెనక్కి దొర్లి దారిని మూసేస్తుంది, క్లచ్ వదిలితే దానికి కలిపిన లింకు దారి తెరుస్తుంది. సుబారు కూడా చాలా ఏళ్లు క్లచ్‌కు కలిపిన ఇలాంటి వాల్వునే వాడింది. అందులో నాకు నచ్చేది ఏమిటంటే, గడియారం లేదు. క్లచ్ నొక్కి ఉన్నంతసేపు పట్టుకుంటుంది. ఇప్పటి పద్ధతి ఇంతగా వ్యాపించడానికి కారణం ఈఎస్‌సీ. 1995 లో మెర్సిడెస్ ఎస్ క్లాస్‌తో మార్కెట్లోకి వచ్చిన ఆ వ్యవస్థను యూరప్‌లో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేశారు. వాల్వులు, సెన్సర్లు ఎలాగూ ఉన్నప్పుడు హిల్ అసిస్ట్ అంటే ఎక్కువగా సాఫ్ట్‌వేర్ పనే, కంపెనీలకు పెద్ద ఖర్చు లేదు.

వాలు మీద ఇంజిన్ ఆఫ్ అయిపోతే ఏం చేయాలో కూడా చెప్పి ఆపుతాను, మీకు ప్రస్తుతం ఎక్కువగా జరుగుతున్నది అదే కాబట్టి. ఆఫ్ అవగానే చేయి తాళం చెవి మీదికి, స్టార్ట్ బటన్ మీదికి పోతుంది. వద్దు. హిల్ అసిస్ట్ గడువు నడుస్తూనే ఉంటుంది. ముందు ఫుట్ బ్రేక్ నొక్కండి, తర్వాత హ్యాండ్ బ్రేక్ వేయండి, ఆ తర్వాతే సెల్ఫ్ కొట్టండి. ఇంజిన్ ఆగినా, కాలి బలాన్ని పెంచే బ్రేక్ బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్‌తో ఒకటి రెండు నొక్కులు మామూలుగానే పనిచేస్తాయి. అందుకే పంప్ చేసినట్టు పదే పదే నొక్కకుండా, ఒకే నొక్కు గట్టిగా నొక్కి అలాగే ఉంచండి. వెనకనుంచి ఎంత హారన్ కొట్టినా ఈ వరుస మార్చొద్దు.

ఆపేయడం గురించి అడిగారు. చాలా కార్లలో దానికి విడిగా స్విచ్ ఉండదు, కొన్నిటిలో సెట్టింగ్స్ మెనూలో ఉంటుంది. ఆపాల్సిన అవసరం కూడా నాకు కనపడదు. హ్యాండ్ బ్రేక్ వేసి కదిలితే చాలా కార్లలో హిల్ అసిస్ట్ తనంతట తానే తప్పుకుంటుంది. ఆ రెండు పద్ధతులూ ఒకే ర్యాంప్ మీద మార్చి మార్చి చేసి చూడండి, అప్పటికీ కారు జారితే పెట్రోలా డీజిలా, మోడల్ ఏది, ఎన్ని సెకన్లు పట్టుకుంటోంది అన్నవి రాయండి, చూసి చెబుతాను.